చెయ్యి విరిగింది సరే, ఎందుకు విరిగింది?

55 ఏళ్ల ఆవిడ తడి గచ్చు మీద జారి, పడబోతూ అరచెయ్యి నేలకు ఆనిస్తుంది. మణికట్టు విరుగుతుంది. ఎక్స్‌రే తీస్తారు, పిండికట్టు వేస్తారు, ఆరు వారాలకు విప్పుతారు. ఎముక అతుక్కుంది, చెయ్యి ఆడుతోంది, ఇక చూడాల్సిందేమీ లేదనుకుంటారు ఇంట్లోవాళ్లు. చాలాచోట్ల వైద్యం కూడా అక్కడితో ఆగిపోతుంది. కానీ స్కూటరు మీంచి పడితే వేరు, చెట్టు మీంచి పడితే వేరు. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న ఎముక విరగకూడదు. విరిగిందంటే దానిలో బలం అప్పటికే తగ్గిందని అర్థం. విరిగినచోట కట్టు పడింది గానీ ఎందుకు విరిగిందని అడిగినవాళ్లు లేరు. ఆ ప్రశ్న అప్పుడే అడగాలని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎముకలు గుల్లబారడాన్ని వైద్యులు ఆస్టియోపొరోసిస్ అంటారు. ఇది విరిగేదాకా నొప్పి పెట్టదు. 50 దాటిన ఆడవాళ్లలో ముగ్గురిలో ఒకరికి, మగవాళ్లలో అయిదుగురిలో ఒకరికి మిగిలిన జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ కారణంగా ఎముక విరుగుతుందని అంతర్జాతీయ ఆస్టియోపొరోసిస్ ఫౌండేషన్ అంచనా. ముందుగా మణికట్టు, తర్వాత వెన్నుపూసలు, చివరికి తుంటి. ఎక్కువమందిలో వరస ఇదే. వెన్నుపూసల సంగతి మరీ మోసం. అవి ఒక్కసారి పుటుక్కున విరగవు, బరువుకు నలిగి కుంగుతాయి. మూడింట రెండొంతులు ఎవరికీ తెలియకుండానే జరిగిపోతాయి. "నడుం పట్టేసింది" అని నాలుగు రోజులు పడుకుని లేస్తారు. కొన్నేళ్లకు చీర కుచ్చిళ్లు నేలకు జీరాడుతుంటాయి, లాల్చీ పొడవైనట్టు ఉంటుంది, గూని కనిపిస్తుంది. వయసులో ఉన్నప్పటి కంటే ఎత్తు 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నెముకకు ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే.

ఇక్కడ ఒక గందరగోళం విప్పాలి. మోకాళ్ల నొప్పులు వేరు, ఇది వేరు. మోకాలు అరిగిందని డాక్టరు అంటే అరిగింది కీలు లోపలి మెత్తటి పొర. గుల్లబారేది ఎముక లోపలి అల్లిక. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని ఏళ్ల తరబడి కాల్షియం బిళ్లలు మింగేవాళ్లున్నారు. వాటితో మోకాలు బాగుపడదు. మరోవైపు ఏ నొప్పీ లేని మనిషి ఎముకలు లోలోపల పలచబడుతున్నా "నాకేం, రాయిలా ఉన్నాను" అనుకుంటాడు.

అసలు ఎముకే రాయి లాంటిది కాదు. పెంకుటింటి కప్పు సర్దించినట్టు, మన ఒంట్లో కొన్ని కణాలు పాత ఎముకను కరిగించి తీసేస్తుంటాయి, కొన్ని కొత్త ఎముకను నింపుతుంటాయి. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదోవంతు ఇలా కొత్తదవుతుంది. 30 ఏళ్లు వచ్చేసరికి ఎముక సంపద గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత తీసేదాని కంటే నింపేది కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. అందుకే 70 ఏళ్ల వయసులో ఎముక ఎంత గట్టిగా ఉంటుందన్నది కొంతవరకు 15 ఏళ్లప్పుడు ఏం తిన్నాం, ఎంత గంతులేశాం అన్నదాని మీద ఆధారపడుతుంది. వంశం నుంచి వచ్చేదీ చాలా ఉంది. తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉంటే పిల్లలకూ ముప్పు ఎక్కువ. సన్నగా, తక్కువ బరువుతో ఉన్నవాళ్లకూ అంతే.

ఆడవాళ్లలో ఎముకను కరిగించే పనికి ఈస్ట్రోజన్ హార్మోన్ అడ్డుకట్ట వేస్తుంది. నెలసరి ఆగాక ఆ అడ్డు తొలగిపోతుంది. తర్వాతి 5 నుంచి 7 ఏళ్లలోనే కొందరికి 20 శాతం దాకా ఎముక పోతుంది. పాశ్చాత్య దేశాల స్త్రీలకు నెలసరి సగటున 51 ఏళ్లకు ఆగుతుంటే మన దేశంలో 46, 47 ఏళ్లకే ఆగుతోంది. అంటే మన ఆడవాళ్లకు ఈ నష్టం నాలుగైదేళ్లు ముందే మొదలవుతుంది.

మన రాష్ట్రాల్లో దీనికి తోడయ్యేది గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. తెల్లబట్ట అవుతోందని, నెలసరి ఎక్కువగా ఉందని, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అని 35 ఏళ్లకే తీసేయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే ఆ రోజు నుంచే ఈస్ట్రోజన్ పడిపోతుంది. అండాశయాలు ఉంచినా నెలసరి ఆగే దశ కొన్నేళ్లు ముందే వచ్చే అవకాశం ఎక్కువ. చాలామందికి తమ అండాశయాలు తీశారో ఉంచారో కూడా తెలియదు. డిశ్చార్జి కాగితం వెతికి, లేకపోతే స్కానింగ్ చేయించి, ఆ విషయం తెలుసుకోవాలి. చిన్న వయసులోనే రెండూ తీసేసినవాళ్లకు, వేరే అభ్యంతరాలు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ మాత్రలు ఇవ్వడం వైద్యంలో ఉన్న పద్ధతే. మన పల్లెల్లో దాన్ని అడిగేవాళ్లూ తక్కువ, చెప్పేవాళ్లూ తక్కువ. ఆపరేషన్ చేసేటప్పుడే ఈ మాట చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

మగవాళ్లకు నెలసరి ఆగడం లాంటి మలుపు లేదు. ఎముకలు కూడా మొదటి నుంచీ కొంచెం పెద్దవి, మందమైనవి. అందువల్ల నష్టం నెమ్మదిగా, 65, 70 తర్వాత బయటపడుతుంది. అయితే మగవాడి ఎముకకు టెస్టోస్టిరాన్ ఒక్కటే చాలదు, అతని ఒంట్లోనూ తయారయ్యే కొద్దిపాటి ఈస్ట్రోజన్ కూడా కావాలి. 1994లో వైద్య పత్రికల్లో వచ్చిన ఒక కేసు ఈ సంగతిని తేల్చింది. 28 ఏళ్ల అమెరికన్ యువకుడు, 2 మీటర్లు దాటిన పొడగరి. అతని కణాలు ఈస్ట్రోజన్‌ను గుర్తించలేవు. టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది, ఎముకలు మాత్రం గుల్లబారాయి, ఇంకా పొడవు పెరుగుతూనే ఉన్నాడు. ఇది ఆడవాళ్ల జబ్బు అన్న మాట నిజం కాదు. తుంటి విరిగినవారిలో ఏడాది లోపే కన్నుమూసేవారు 20 శాతం పైమాటే, ఆ ముప్పు ఆడవాళ్ల కంటే మగవాళ్లకు ఎక్కువ. అయినా మగవాళ్లకు ఎముక పరీక్ష రాయాలని ఎవరికీ తోచదు.

మగవాళ్ల ఎముక గుల్లబారితే వెనుక ఏదో ఒక కారణం తరచుగా దొరుకుతుంది. బీడీ, సిగరెట్టు, రోజూ మందు తాగే అలవాటు, ఆయాసానికి ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు. స్టెరాయిడ్ గురించి ఆడా మగా అందరికీ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ప్రెడ్నిసొలోన్ లాంటి మందును తక్కువ మోతాదులోనైనా మూడు నెలలు మించి వాడితే ఎముక పలచబడుతుంది, ఎక్కువ నష్టం మొదటి ఆరు నెలల్లోనే జరుగుతుంది. కీళ్లవాతానికో ఆస్తమాకో డాక్టరు లెక్కగా ఇచ్చేది వేరు, అవసరమైతే ఎముకకు రక్షణ కూడా కలిపి ఇస్తారు. పేరు లేని పొట్లాల్లో, విడి మాత్రల్లో, "రెండు రోజుల్లో కీళ్ల నొప్పులు మాయం" అంటూ ఇచ్చేవాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం మన దగ్గర కొత్త కాదు. మొహం ఉబ్బి, ఆకలి పెరిగి, నొప్పి ఇట్టే పోయిందంటే అనుమానించాలి. కానీ చాలాకాలంగా వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా మానేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి.

మిగిలిన మందుల్లో గ్యాస్‌కని ఏళ్లకేళ్లు పరగడుపున వేసుకునే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ ముప్పును కొంత పెంచుతాయి. మూర్ఛకు వాడే ఫినైటోయిన్, మోతాదు మించిన థైరాయిడ్ మాత్ర కూడా అంతే. వీటిని సొంతంగా మానేయకండి, ఇంకా అవసరమా అని అడగండి. షుగర్ వ్యాధి మరో చిక్కు. షుగరున్నవాళ్ల ఎముక సాంద్రత పరీక్షలో బాగానే కనిపిస్తుంది, విరగడం మాత్రం ఎక్కువే. ఎముక నాణ్యత దెబ్బతినడం, కాళ్ల తిమ్మిర్లు, చూపు తగ్గడం అన్నీ కలిసి చేసే పని అది.

తిండి దగ్గరికి వస్తే మన కథ మనకే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాలకు చెందిన 30 నుంచి 60 ఏళ్ల మహిళలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. వారికి తిండి ద్వారా రోజుకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. తుంటి ఎముక మెడ భాగంలో 29 శాతం మందికి ఆస్టియోపొరోసిస్ ఉన్నట్టు తేలింది. వీళ్లు 80 ఏళ్ల ముసలమ్మలు కాదు. బిడ్డల్ని కని, పాలిచ్చి, సరిపడా తినకుండా రోజంతా పనిచేసిన ఒళ్లు అవి. ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల ఎముకలు గట్టిగా ఉంటాయన్న నమ్మకం, ఆకలి ఉన్నచోట నిలవదు.

అదే సంస్థ 2020లో సిఫారసు చేసిన మోతాదు పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన మహిళలకు 1200. తెల్లబియ్యం 100 గ్రాముల్లో ఉండేది 10 మిల్లీగ్రాముల దాకా. అదే బరువు రాగుల్లో 350 దాకా ఉంటుంది. రాయలసీమలో సంగటి ముద్ద పోయి తెల్లన్నం వచ్చినప్పుడు కంచంలోంచి పోయిందేమిటో ఈ రెండు అంకెలు చెబుతాయి. చౌకబియ్యం పథకాలు ఆకలిని తీర్చాయి, వాటిని తప్పుపట్టను. రాగులూ అదే చౌకధరకు అందితే బాగుండేదనే అంటాను. 200 మిల్లీలీటర్ల పాలు గానీ అంత పెరుగు గానీ 240 దాకా ఇస్తాయి. రెండు చెంచాల నువ్వులు, ఉలవచారు, తోటకూర, మునగాకు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు, అన్నీ పనికొచ్చేవే. పాలకూరలోని కాల్షియం మాత్రం ఆక్సలేట్‌తో ముడిపడి ఉండి ఒంటికి పెద్దగా పట్టదు. రాగుల్ని మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా కాల్షియం మెరుగ్గా పడుతుంది. ఇవన్నీ చేసినా లోటు ఉంటే మాత్ర. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకున్నా ఒళ్లు సరిగా తీసుకోదు.

కాల్షియం గొడవలో పడి మాంసకృత్తుల్ని మరిచిపోతాం. ఎముకకు అచ్చు మాంసకృత్తే, ఆ అచ్చు మీదే కాల్షియం పేరుకుంటుంది. మన పెద్దవాళ్లు రాత్రిపూట రెండు ఇడ్లీలతోనో చారన్నంతోనో సరిపెట్టుకుంటారు. ఒంటరిగా ఉండే పెద్దావిడ తన ఒక్కదానికి పప్పు వండుకోవడం కూడా దండగనుకుంటుంది. బరువు తగ్గుతుంది, కండ తగ్గుతుంది, కాలు తడబడుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చేప పూట పూటకీ ఏదో ఒకటి ఉండాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి.

విటమిన్ డి గురించి అపోహ ఎక్కువ. ఇంత ఎండలో మనకు లోటేమిటని అడుగుతారు. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనల్లో ఆరోగ్యంగా కనిపించే పట్టణ ప్రజల్లోనూ, గ్రామీణ ప్రజల్లోనూ లోటు కనిపించింది, పట్టణాల్లో మరీ ఎక్కువ. తిరుపతి అక్షాంశం దగ్గర చర్మంలో ఈ విటమిన్ బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని కూడా వాళ్లు చూపించారు. పొద్దుటి నీరెండ ఒంటికి హాయిగా ఉంటుంది గానీ దానివల్ల వచ్చే డి చాలా తక్కువ. శీతాకాలంలో మధ్యాహ్నం ముంగిట్లో అరగంట కూర్చోవచ్చు. మే నెలలో ముసలివాళ్లను ఆ వేళ బయట కూర్చోబెట్టడం వడదెబ్బకు అప్పగించడమే. అప్పుడు మందే దారి. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బోస్టన్ లాంటి చోట నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో నిలబడ్డా చర్మంలో డి తయారుకాదు.

మందు కూడా లెక్క ప్రకారమే. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు మన దగ్గర బఠానీల్లా అమ్ముడుపోతున్నాయి. లోటున్నవాళ్లకు కొన్ని వారాలు వాడి, తర్వాత తగ్గించాలి. ఫ్రాన్సులో వృద్ధాశ్రమాల్లోని పెద్దావిడలకు రోజూ కాల్షియం, 800 యూనిట్ల డి ఇస్తే తుంటి విరగడం 43 శాతం తగ్గిందని 1992లో తేలింది. ఆస్ట్రేలియాలో ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడటం, విరగడం రెండూ పెరిగాయని 2010లో తేలింది. లోటు లేనివాళ్లకు రోజుకు 2000 యూనిట్లు ఇచ్చినా లాభం కనిపించలేదని 2022లో అమెరికన్ అధ్యయనం చెప్పింది. లోటును పూడ్చడం వేరు, ఎక్కువైతే మంచిదనుకోవడం వేరు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి ఒక ప్రత్యేకమైన మాట. మన దేశంలో, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వర్ణించింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దశాబ్దాల పాటు అంతకు మించి తాగినవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనిపిస్తాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముక మాత్రం పెళుసుగా ఉంటుంది. తిండిలో కాల్షియం లేనివాళ్లకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అలాంటివాళ్ల సాంద్రత పరీక్ష "బాగుంది" అని వస్తే నమ్మి ఊరుకోకూడదు. తాగిన నీళ్ల చరిత్ర డాక్టరుకు చెప్పాలి.

ఎముక బరువు మోస్తేనే నిలుస్తుంది. అంతరిక్షంలో బరువు తెలియని స్థితిలో ఉండే వ్యోమగాములు తుంటి దగ్గర నెలకు ఒక శాతం పైన ఎముకను కోల్పోతారు. మంచాన పడ్డ మనిషికీ అలాంటి నష్టమే. నడక మంచిదే గానీ ఎముకకు అదొక్కటే చాలదు. మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, డంబెల్సో నీళ్ల సీసాలో ఎత్తడం కావాలి. ఆస్ట్రేలియాలో ఎముక పలచబడిన, సగటున 65 ఏళ్ల మహిళల చేత శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున గట్టి బరువులే ఎత్తించారు. 8 నెలల్లో వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంట్లో ఒక్కరే దాన్ని అనుకరించమని కాదు, వయసైపోయాక పెరగదన్న మాట తప్పని చెప్పడానికి. వెన్నుపూసలు బలహీనపడినవాళ్లు ముందుకు బాగా వంగే ఆసనాలు, పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం మానుకోవాలి. అలా వంగినప్పుడే పూసలు నలుగుతాయి.

ఎముక ఎంత పలచనైనా పడకపోతే తుంటి విరగడం అరుదు. ఆ పడటం ఎక్కువగా మన ఇళ్లలోనే, రాత్రిపూట మూత్రానికి లేచినప్పుడో, కాళ్లు కడుక్కుని వచ్చినప్పుడో జరుగుతుంది. నున్నటి టైల్స్, అరిగిన హవాయి చెప్పులు, ఎత్తు గడప, గుమ్మంలో ముడతపడ్డ గోనెపట్టా, శుక్లం ముదిరిన కన్ను, లేవగానే తల తిరిగేలా చేసే బీపీ మాత్ర, నిద్రమాత్ర. ప్రోస్టేట్ పెరిగి రాత్రికి నాలుగుసార్లు లేచే తాతయ్యకు మంచం పక్క నుంచి బాత్రూమ్ దాకా లైటు ఉండాలి. బాత్రూమ్‌లో గోడకు కడ్డీ బిగిస్తామంటే "నేనంత ముసలివాణ్నా" అని కోప్పడతారు. కోప్పడనివ్వండి, బిగించండి.

తుంటి విరిగితే ఆలస్యం వద్దు. పుత్తూరు కట్టుకు ఎంత పేరున్నా, తుంటి విరగడం కట్టుతో సర్దుకునే రకం కాదు. కదలకుండా పడుకున్న ప్రతి రోజూ ఊపిరితిత్తుల జబ్బుకు, పుండ్లకు, రక్తం గడ్డకట్టడానికి దారి. వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్, మర్నాడే లేపి నిలబెట్టడం ఇప్పటి పద్ధతి.

పరీక్ష పేరు డెక్సా. తుంటికీ నడుముకీ తీస్తారు, టి స్కోరు అని అంకె ఇస్తారు. మైనస్ 1, అంతకు పైన ఉంటే మామూలు. మైనస్ 2.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్. ఉచిత శిబిరాల్లో మడమ మీద పెట్టి చూసే యంత్రం అనుమానాన్ని రేపగలదు, నిర్ధారించలేదు. 65 దాటిన ఆడవాళ్లు, 70 దాటిన మగవాళ్లు, పైన చెప్పిన కారణాలేవైనా ఉంటే అంతకంటే ముందే, డెక్సా చేయించుకోవాలి. నిలువెత్తు నుంచి పడి తుంటో వెన్నుపూసో విరిగినవాళ్లకు అంకె ఎలా ఉన్నా వైద్యం అవసరమే.

ఆ వైద్యం కాల్షియం మాత్రతో అయిపోదు. వారానికి ఒకటి అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతో మింగితే వృథా, పడుకుంటే ఆహారనాళం పుండయ్యే ప్రమాదం ఉంది. అది పడనివాళ్లకు ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం సెలైన్‌లో ఎక్కిస్తారు. తుంటి విరిగినవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఇది ఇస్తే మళ్లీ విరగడమే కాదు, మరణాలు కూడా 28 శాతం తగ్గాయని 2007లో తేలింది. దేశంలోనే తయారవుతున్న మందు ఇది, డిశ్చార్జి రోజున దీని గురించి మీరే అడగండి. ఎక్కించే ముందు కిడ్నీల పరీక్ష, విటమిన్ డి చూసుకోవాలి, పళ్లు పీకించుకునేది ఉంటే ముందే కానిచ్చుకోవాలి. మరో మందు డెనోసుమాబ్, ఆరు నెలలకొక ఇంజెక్షన్. బాగా పనిచేస్తుంది గానీ ఒక్క మోతాదు తప్పితే కొన్ని నెలల్లోనే నష్టం తిరిగి వచ్చి, ఒకటికి మించి వెన్నుపూసలు కుంగిన సందర్భాలున్నాయి. కాబట్టి వేయించుకున్న రోజే తర్వాతి తేదీ రాయించుకోవాలి. మానాలనుకుంటే, దాని బదులు ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరు తేల్చాకే మానాలి.